సెర్చ్ బాక్సుకు పాఠాలు చెప్పిన చందానగర్

హైటెక్ సిటీ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే చెవిలో మూడు పాటలు అయ్యేలోపు చందానగర్ వస్తుంది. ఆ దూరానికి నేను శనివారం పొద్దున బయల్దేరి సాయంత్రం చేరాను. తిరిగి ఆఫీసులో అడుగుపెట్టేసరికి సోమవారం అయింది. ఇంత మాత్రానికి యాత్ర అని పేరు పెట్టిందేంటని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. వాళ్లంతా రైళ్లూ బస్సులూ నడిచే రోజుల్లో వెళ్లినవాళ్లు. తెలంగాణ బంద్ రోజున, రైల్‌రోకో మధ్యలో, కొత్త చెప్పులు వేసుకుని వెళ్లి చూస్తే తెలుస్తుంది.

అసలెందుకు వెళ్లానో ముందు చెప్పాలి, లేకపోతే పిచ్చిదాన్ననుకుంటారు.

మాదాపూర్‌లో ఒక బిల్డింగ్ నాలుగో అంతస్తులో మాదొక చిన్న కంపెనీ ఉంది. ఉద్యోగాలు, అద్దె ఇళ్లు, దవాఖానలు, ఈ సిటీలో ఏది కావాలన్నా వెతికిపెట్టే సైట్ నడుపుతాం. జనం తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. శేరిలింగంపల్లి అనే ఒక్క ఊరి పేరును ఎన్ని రకాలుగా రాయొచ్చో ఈ ఉద్యోగంలో చేరాకే నాకు తెలిసింది. అలా తప్పు కొట్టినవాళ్లకి పైన నీలం అక్షరాల్లో "మీరు వెతుకుతున్నది ఇదా?" అని సరైన మాట చూపించడమే నా పని. సరైన మాట ఏదో ఎలా తెలుస్తుంది? డిక్షనరీలో దొరకదు. జనమే చెప్తారు. ఒకతను ఒకటి కొడతాడు, ఏమీ రాదు. వెంటనే దాన్ని మార్చి ఇంకోటి కొడతాడు, వచ్చినదాని మీద నొక్కుతాడు. అంటే మొదటిది తప్పు, రెండోది ఒప్పు. చాలామంది అలాగే మారిస్తే మా మెషీన్ రాసిపెట్టుకుని తర్వాతివాళ్లకి చెప్తుంది. రెండు మాటల అక్షరాలూ దగ్గరగా ఉన్నాయా లేదా అని చూసే నియమం మొదట్లో ఒకటుండేది. దాని వల్ల మంచి దిద్దుబాట్లు కూడా పోతున్నాయని నేనే తీసేయించాను. జనం కంటే మనకెక్కువ తెలుసా అని మీటింగులో గొంతు పెంచి మరీ తీసేయించాను.

ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు మా కంపెనీలో డబ్బు పెట్టినాయన బామ్మర్ది మా సైట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అని కొట్టాడు. మా మెషీన్ ఎంతో మర్యాదగా అడిగింది: "మీరు వెతుకుతున్నది సెక్యూరిటీ ఉద్యోగమా?"

మా మేనేజర్ ప్రసాద్ గారిది భీమవరం. తిట్టినా అండి లేకుండా తిట్టరు.

"మీ మెషీన్ జనాన్ని అవమానిస్తోందండి బిందు గారూ. సోమవారం పది గంటలకి దాన్ని తీసేద్దామండి. మిమ్మల్ని ఫోన్ నంబర్లు సరిచూసే టీంలో వేస్తాను. అక్కడ ప్రశాంతంగా ఉంటుందండి."

నాకు కోపమొచ్చి నా కుర్చీని తన్నాను. ఆఫీసు కుర్చీకి చక్రాలుంటాయన్న సంగతి కోపంలో గుర్తుండదు. అది నేరుగా వెళ్లి నీళ్ల డబ్బాను గుద్దింది. ఆ శుక్రవారం నీళ్లు తుడుస్తూనే రికార్డులన్నీ తిరగేశాను. ఇలాంటి పిచ్చి దిద్దుబాట్లు దాదాపు అన్నీ ఒకే కనెక్షన్ నుంచి వస్తున్నాయి. ఆ కనెక్షన్ నుంచే ఎప్పుడో ఎవరో మా సైట్‌కి సలహా కూడా పంపారు: "సైట్ మంచిగున్నది. జర అక్షరాలు పెద్దగ పెట్టుండ్రి." కింద చిరునామా ఉంది. యాదమ్మ నెట్ సెంటర్, చందానగర్ మార్కెట్, పాత్రల షాపు పైన. ఇచ్చిన ఫోన్ నంబరు పనిచేయడం లేదు.

పోటీ కంపెనీవాళ్లే అక్కడ మనుషుల్ని కూర్చోబెట్టి దొంగ క్లిక్కులు కొట్టిస్తున్నారని ఆఫీసులో అందరూ తేల్చేశారు. నేనైతే అందరికంటే ముందే తేల్చేశాను. శనివారం పట్టుకోవాలి, సోమవారం పదిలోపు వాళ్ల ఫొటో తెచ్చి ప్రసాద్ గారి టేబుల్ మీద పెట్టాలి. లేదంటే నా ఆరు నెలల పని గోవిందా.

కొత్తగూడ దాకా మల్లేష్ ఆటో

మాదాపూర్‌లో శనివారం పొద్దున కుక్కలు రోడ్డు మధ్యలో పడుకుని ఉన్నాయి. మామూలు రోజుల్లో ఫుట్‌పాత్ మీద కూడా నాకంత చోటు దొరకదు. నేను పుట్టి పెరిగింది మలక్‌పేటలో. అక్కడ బంద్ అంటే గల్లీలో క్రికెట్. ఇక్కడ అద్దాల బిల్డింగులు గేట్లేసుకుని నిలబడ్డాయి, గేటు లోపల సెక్యూరిటీ వాళ్లు క్యారమ్స్ ఆడుతున్నారు.

ఒకే ఒక్క ఆటో కనిపించింది. డ్రైవర్ పేరు మల్లేష్ అని వెనక సీటు మీద రాసి ఉంది. పది రూపాయల షేర్ ఆటో దూరానికి యాభై అడిగాడు.

"మీటర్ ఎందుకు పెట్టుకున్నావ్ మరి?" అన్నాను.

"మీటర్ సుత బంద్‌ల ఉన్నది మేడం."

ఐదు నిమిషాలు పోట్లాడాను. చివరికి నలభైకి ఒప్పుకున్నాడు, కానీ కొత్తగూడ దాకానేనట. ఆ పైన రాస్తారోకో. దారంతా ఫోన్‌లో మా సైట్ తెరిచి చూసుకుంటూ కూర్చుంటే, ఏం చూస్తున్నావని అద్దంలోంచి అడిగాడు. జనం ముందు ఏం కొట్టారో, దాన్ని మార్చి ఏం కొట్టారో చూసి మా మెషీన్ ఎలా నేర్చుకుంటుందో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"నా ఆటో ఎక్కెటోళ్లు సుత గంతే మేడం. ముందుగాల మియాపూర్ అంటరు. రేటు చెప్పంగనే కొత్తగూడ దాకా చాలంటరు."

"అది వేరే."

"ఎట్ల వేరే?"

నేను ఫోన్ వైపు తిరిగాను. ఆ మాట దగ్గరే కాసేపు ఆగి ఉంటే ఆరోజు అంత నడిచే పని ఉండేది కాదు.

కొండాపూర్, నడిరోడ్డు మీద భోజనం

కొండాపూర్‌లో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టారు. మూడేసి రాళ్లు, వాటి మీద మనిషి కూర్చునేంత గంజులు, పక్కన టార్పాలిన్ మీద వంకాయల గుట్ట. వంటావార్పు అని టీవీలో చూడటమే కానీ దగ్గరికి ఎప్పుడూ వెళ్లలేదు. రోడ్డు మీదే వండుతారు, రోడ్డు మీదే తింటారు, ఆ దారిన వచ్చినవాళ్లకీ పెడతారు. ఉద్యమం కోసం రోడ్డు ఆపేసి, ఆగిపోయినవాళ్లకి అన్నం పెట్టడం ఇంకెక్కడన్నా ఉందేమో నాకు తెలియదు.

ఒక పెద్దమ్మ గరిటె అడ్డం పెట్టి నన్నాపింది.

"ఎటు పోతున్నవ్ బిడ్డా?"

"చందానగర్. మీరు దారి వదిలితే."

"తిని పో. దారేమన్న ఉరుకుతదా?"

"నాకు పనుంది."

"మాకు సుత పనే ఉన్నది. కూసో. మీదే ఊరు?"

"మలక్‌పేట."

"గది ఇప్పుడుండేది. అసలూరు?"

ఈ ప్రశ్నంటే నాకు ఒళ్లు మంట. ఆ రోజుల్లో ఆఫీసులో, హాస్టల్‌లో, చివరికి పానీపూరీ బండి దగ్గర కూడా అడిగేవాళ్లు. ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను, ఇంకా అసలూరు ఎక్కణ్ణుంచి తేవాలి? కానీ దాచడం ఇంకా చిరాకు. "అమ్మానాన్నలది కడప" అన్నాను, ఏమంటారో అనండి అన్నట్టు.

చుట్టుపక్కల నాలుగు తలలు ఇటు తిరిగాయి. పెద్దమ్మ గరిటె దించింది.

"కడపోళ్లకు ఈ కారం సరిపోదే. ఆ పచ్చిమిరపకాయల గిన్నె ఇటు తేండ్రి."

ఇక కూర్చోక తప్పలేదు. విస్తరాకులో అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. చింతపండు రసంలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర పిసికి వేస్తారు. పొయ్యి ఎక్కించరు, అంతే. మా ఇంట్లో చారు పొంగు రాకపోతే అమ్మ దాన్ని చారని ఒప్పుకోదు. ఇది పొయ్యి మొహమే చూడలేదు, అయినా రెండుసార్లు పోయించుకున్నాను. ఈ ఐటీ కారిడార్‌లో ఏం తిన్నా ముందు కూపనో కార్డో చూపించాలి. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. కండువా వేసుకున్న ఒకాయన మాత్రం జై తెలంగాణ అనమన్నాడు. నోటినిండా అన్నం పెట్టుకుని అంటే నాలుగు మెతుకులు ఆయన చొక్కా మీద పడ్డాయి. "మింగినంక అను చెల్లె, ఏం తొందర లేదు" అన్నాడు తుడుచుకుంటూ.

అప్పుడే అమ్మ ఫోన్.

"యాడుండావే? తిన్యావా?"

"తింటున్నా. రోడ్డు మీద."

"రోడ్డు మీదనా? ఎవురు పెట్టినారు?"

"రోడ్డు ఆపినోళ్లే."

"కడుపు నిండా పెట్టినారా?"

హఫీజ్‌పేట, తెగిన చెప్పు

కొత్త చెప్పులు మూడు కిలోమీటర్లకే లోకం వదిలేశాయి. హఫీజ్‌పేట రైలు గేటు దాటాక ఎడమ చెప్పు పట్టీ తెగింది. షాపులన్నీ మూత. ఒక్క చెప్పులు కుట్టే తాత మాత్రం గొడుగు కింద కూర్చుని పని చేసుకుంటున్నాడు.

"నీకు బంద్ లేదా తాతా?"

"షట్టరున్నోనికి బంద్. గొడుగుకు షట్టర్ యాడిది?"

ఐదు రూపాయలు తీసుకున్నాడు. అడక్కుండానే కుడి చెప్పుకి కూడా రెండు కుట్లేసి, దానికి పైసలొద్దన్నాడు. అదీ తెగేటట్టే ఉందట. అక్కణ్ణుంచి ఆల్విన్ చౌరస్తా దాకా నడిచాను. పాల బండికి బంద్ నుంచి మినహాయింపు కాబట్టి దాంట్లో ఖాళీ ట్రేల మధ్య కూర్చుని మదీనాగూడ మీదుగా చందానగర్ చేరాను. ఒంటికంతా పాలవాసన. ఫోన్‌లో ఛార్జింగ్ తొమ్మిది శాతం. పోటీ కంపెనీ గూండాలను పట్టుకోబోతున్న మనిషికి ఉండాల్సిన గెటప్ కాదది.

చందానగర్, సగం దించిన షట్టర్

బంద్ రోజు చందానగర్ మార్కెట్‌కో పద్ధతుంది. షట్టర్లు పూర్తిగా వేయరు, పూర్తిగా తీయరు. మోకాళ్ల దాకా దించి ఉంచుతారు. బయటి నుంచి చూస్తే బంద్‌కు మద్దతు, లోపల వ్యాపారం. కొనేవాళ్లు వంగి దూరుతారు. అలా పప్పు కొనుక్కుని బయటికొస్తున్న ఒకావిడ, పాత్రల షాపు పక్క మెట్లు చూపించింది.

పైన కూడా షట్టర్ మోకాళ్ల దాకానే ఉంది. కోపంగా దూరదామనుకున్నాను. వంగి కోపంగా దూరడం కుదరదు. తలకు దెబ్బ తగిలింది.

లోపల నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను. స్టూలు మీద నలభై అయిదేళ్లావిడ, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి.

"పైలం బిడ్డా. తల్కాయ వలిగిందా? కూసో. బంద్ పేరుకే, నెట్ నడుస్తనే ఉన్నది, గంటకు పదిహేను."

"ఇక్కడ దొంగ క్లిక్కులు కొడుతోంది ఎవరు?" అన్నాను తల రుద్దుకుంటూ.

"క్లిక్కులు సుత దొంగతనం చేస్తరా? ఏం చేస్కుంటరు వాటిని?"

బ్యాగులోంచి కాగితాలు తీసి ఆవిడ ముందు పెట్టాను. ఎడమ వైపు కొట్టింది, కుడి వైపు మార్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెక్యూరిటీ ఉద్యోగం. చందానగర్ డబుల్ బెడ్‌రూం, ప్రగతి నగర్ సింగిల్ రూం. కంటి డాక్టర్, కళ్లద్దాల షాపు. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివింది. చదువుతున్నకొద్దీ మొహం వెలిగింది.

"ఇవన్నీ నేను కొట్టినయే. గిట్ల రాసి పెడ్తరా మీరు? అన్నీ ఉన్నయి చూడు."

ఫొటో తీద్దామని ఫోన్ ఎత్తాను. అది కాస్తా ఆరిపోయింది.

యాదమ్మక్కది జనగామ వైపు. భర్త ఐటీ కంపెనీల క్యాబ్ నడుపుతాడు. ఆవిడ మొదట ఇదే నెట్ సెంటర్‌లో ఊడ్చి తుడిచే పనికి చేరింది. ఊడుస్తూ ఊడుస్తూ చూసి నేర్చుకుందట. పాత ఓనరు అమ్ముకుని పోతుంటే తనే తీసుకుంది. ఒక్క వేలుతో కొడుతుంది, కానీ ఆ వేలు నా పది వేళ్లకు తీసిపోదు. "ఎందుకు కొట్టిన్నో నోటితోని చెప్తే నీకు తెల్వది. రేప్పొద్దుగాల కూసొని చూడు" అంది. రేపటిదాకా ఎక్కడుండాలంటే నన్నొక వింత మనిషిని చూసినట్టు చూసింది. "మా ఇంట్ల పండు. ఇంకేడ పంటవ్?"

అలా పట్టుకోవడానికి వెళ్లిన మనిషి ఇంట్లోనే జొన్నరొట్టెలు తిని, ఆమె దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఛార్జర్ కూడా ఆమెదే.

ఆదివారం, మూడోసారి

పొద్దున మొదట వచ్చినతను మేస్త్రీ. భార్య, ఇద్దరు పిల్లలు, చందానగర్‌లోనే రెండు రూములు కావాలి. యాదమ్మక్క అతను చెప్పింది చెప్పినట్టే కొట్టింది. వచ్చినవాటి కిరాయి చూసి అతను తల అడ్డంగా ఊపాడు. రెండోసారి ఒక్క రూం అని కొట్టింది. అదీ కాదన్నాడు. మూడోసారి ఊరి పేరు తీసేసి ప్రగతి నగర్ పెట్టింది. ఒకటి దొరికింది. అతను నంబరు రాసుకుని నవ్వుకుంటూ వెళ్లాడు.

"చూసినవా? నా తాన మూడోసారికి దొర్కాలె. దుకాణం పెట్టిన్నాటి సంది గదే పద్ధతి. పైసలిచ్చి కూసున్నోడు ఒట్టి చేతులతోని దిగొద్దు."

నాకప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కాసేపు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు, అది నాకు చాలా కొత్త.

"అక్కా, నువ్వు మార్చినప్పుడల్లా మా మెషీన్ నువ్వు తప్పు దిద్దావనుకుంటోంది. రెండు రూములు అనేది తప్పు, ప్రగతి నగర్ అనేది ఒప్పు అని రాసుకుని ఊరందరికీ చెప్తోంది."

"తప్పేమున్నది అండ్ల? దొర్కలే, గంతే. దొర్కనిదాన్ని తప్పంటే ఎట్ల?"

ఇన్నాళ్లూ బయటపడనిది ఈ మధ్యే ఎందుకు బయటపడిందో కూడా అక్కడే తెలిసింది. సమ్మెలు, బంద్‌లతో మాదాపూర్ ఆఫీసులు సగం రోజులు మూతే. ఐటీ వాళ్లు ఊళ్లకు పోయారు, వాళ్ల వెతుకులాట తగ్గింది. పనులు ఆగిపోయిన డ్రైవర్లు, మేస్త్రీలు, సెక్యూరిటీ వాళ్లు మాత్రం వేరే పని వెతుక్కుంటూ యాదమ్మక్క మెట్లెక్కారు. ఇక మా మెషీన్‌కు వినిపించేది ఎక్కువగా ఈ నాలుగు కంప్యూటర్ల మాటే అయింది.

నా పని బతికినట్టే. దొంగలు లేకపోయినా కారణం దొరికింది. ఆ సంతోషంలో కింద నుంచి రెండు మిర్చీ బజ్జీలు తెప్పించుకుని, కాగితం మీద నూనె అంటకుండా సోమవారం ఏం చెప్పాలో రాసుకుంటున్నాను.

అప్పుడొచ్చింది స్వరూప. నా వయసే ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో సర్టిఫికెట్లు. యాదమ్మక్క జిరాక్స్ మిషనులో ఇరుక్కున్న కాగితం లాగుతోంది కాబట్టి తనే మూల కంప్యూటర్ దగ్గర కూర్చుని గబగబా కొట్టింది. నా కుర్చీలోంచి స్క్రీన్ కనిపిస్తూనే ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం, చందానగర్. పైన నీలం అక్షరాలు వచ్చాయి.

మీరు వెతుకుతున్నది హౌస్‌కీపింగ్ ఉద్యోగమా?

నా వాక్యం అది. ఆ నీలం రంగు కూడా నేను ఎంచుకున్నదే. స్వరూప దాన్నొక క్షణం చూసింది. తర్వాత దాని మీద నొక్కింది.

బజ్జీ అక్కడే పెట్టి లేచాను. "ఎందుకు నొక్కావ్?"

ఆమె ఉలిక్కిపడింది. "ఏమైంది అక్క?"

"నువ్వు కొట్టింది ల్యాబ్ ఉద్యోగం కదా. హౌస్‌కీపింగ్ ఎందుకు నొక్కావ్?"

"అదే అడిగింది గదా."

"అడిగితే నొక్కేస్తావా?"

"కంప్యూటర్‌కు తెల్వదా అక్క? నాలాంటోళ్లను మస్తుమందిని చూసి ఉంటది."

"దానికేం తెలీదు. దానికి చెప్పింది నేనే."

స్వరూప యాదమ్మక్క వైపు చూసింది, ఈమెవరో, పోలీసుల్ని పిలవాలా అన్నట్టు. "కంపెనీ పిల్లనే. కడపోళ్లది. జర కోపం ఎక్కువ, మంచిదే" అంది యాదమ్మక్క కాగితం లాగుతూనే.

స్వరూపది నల్లగొండ దగ్గరి పల్లె. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసింది. భర్త గచ్చిబౌలిలో ఒక అద్దాల బిల్డింగ్‌కు సెక్యూరిటీ. ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది. మొదట్లో రోజూ వచ్చేదట. ఈ మధ్య కంప్యూటర్ కూడా హౌస్‌కీపింగే అంటోందని, ఈరోజు ఆఖరిసారి చూసి పోదామని వచ్చింది.

వెనక్కి వెళ్లి, నీలం అక్షరాల కింద ఉన్న చిన్న లైను చూపించాను. నేను కొట్టిందే చూపించు. అది ఎంత చిన్నగా ఉందంటే యాదమ్మక్కకు అలాంటిదొకటి ఉందనే తెలియదు. నొక్కితే రెండు వచ్చాయి. ఒకదానికి మూడేళ్ల అనుభవం కావాలి. ఇంకోటి మదీనాగూడలో చిన్న ల్యాబ్, కొత్తవాళ్లయినా పర్లేదని రాసి ఉంది. ఆదివారం కాబట్టి మూసి ఉంటుంది.

"రాసుకో" అన్నాను.

"జర ఆగు" అంది యాదమ్మక్క. కాగితం వదిలేసి వచ్చింది. "రేపు గీమె పోతది. వాళ్లు లేదంటరు. అప్పుడు?"

"ఇంకోటి వెతుకుతుంది."

"నీకు నెలనెల జీతం పడ్తది బిడ్డా, గందుకే గంత అల్కగ చెప్తున్నవ్. హౌస్‌కీపింగ్ అయితే రేపే రమ్మంటరు. ఇంట్ల కిరాయికి ఆయన జీతమే సాల్తలేదు. నేనేం పగతోని కొట్టిన్నా అది?"

"నువ్వు ఆమెను చూసి చెప్తావ్ అక్కా. మెషీన్ చూడకుండా చెప్తోంది."

"మరి గట్లెందుకు చేసినవ్ దాన్ని?"

మల్లేష్ ఆటోలో తిప్పినట్టు మొహం ఫోన్ వైపు తిప్పుకుందామంటే అది ఛార్జింగ్‌లో ఉంది.

స్వరూప మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, యాదమ్మక్క టేబుల్ మీది పెన్ను తీసుకుంది. "మీరు కొట్లాడకుండ్రి. రెండూ రాసుకుంట" అని ల్యాబ్ నంబరు, హౌస్‌కీపింగ్ నంబరు, రెండూ కవరు మీద రాసుకుంది. ల్యాబ్‌ది పైన రాసింది.

సోమవారం, పది గంటలు

రైల్‌రోకో అయిపోయింది. యాదమ్మక్క కట్టిచ్చిన సకినాల పొట్లంతో లోకల్ రైలెక్కి, మూడో పాట సగంలో ఉండగానే హైటెక్ సిటీలో దిగాను. పదింటికి ప్రసాద్ గారి ముందున్నాను.

"ఎవరండీ, ఆ కంపెనీవాళ్లేనా?"

"కాదు సార్. యాదమ్మ."

"ఆవిడ ఏ కంపెనీ అండి?"

మొత్తం చెప్పాను. ఎవరూ మోసం చేయలేదని, మనమే తప్పుగా అర్థం చేసుకున్నామని. మార్చి కొట్టిన ప్రతిదీ దిద్దుబాటు కాదు. కొందరు చెయ్యి జారి మారుస్తారు, కొందరు దొరక్క మారుస్తారు. రెండో రకాన్ని చూసి మెషీన్ నేర్చుకోకూడదు, నేర్చుకున్నా నోరు విప్పకూడదు. అక్షరాలు దగ్గరగా ఉన్నప్పుడే మీరు వెతుకుతున్నది ఇదా అని అడగాలి. ఎన్ని వేలమంది మార్చినా సరే, ఒక ఉద్యోగం బదులు ఇంకో ఉద్యోగం, ఒక ఇంటి బదులు ఇంకో ఇల్లు చూపించి అది తప్పు అన్నట్టు అడగకూడదు. కొట్టింది కొట్టినట్టు వెతకాలి, రెండే దొరికితే రెండే చూపించాలి.

"అంటే మీరు గొడవపడి తీయించిన నియమాన్ని మీరే మళ్లీ పెట్టమంటున్నారా అండి?"

"అవును సార్."

"మీ పనిలో సగం పోతుంది కదండీ."

"సగం కంటే ఎక్కువే సార్. నేనే తీస్తాను."

ఆయన కాసేపు నన్ను, తర్వాత సకినాల పొట్లాన్ని చూశారు. ఫోన్ నంబర్ల టీం సంగతి మళ్లీ ఎత్తలేదు. సకినం మాత్రం ఒకటి తీసుకున్నారు. ఆ సాయంత్రానికి నేను నేర్పించిన దిద్దుబాట్లు ఒక్కొక్కటే చూసి చెరిపేశాను. హౌస్‌కీపింగ్‌ది మొదట చెరిపాను. శేరిలింగంపల్లి రకాలన్నీ ఉంచాను. చిన్న లైను అక్షరాలు పెద్దవి చేశాను.

బుధవారం యాదమ్మక్క కొత్త నంబరుకు ఫోన్ చేశాను.

"ఏం చేసినవే మీ సైట్‌ను? ఏమడిగినా గదే చూపిస్తది, మూతి ముడ్సుకొని కూసుంటది. పనంత నా మీదనే పడ్డది."

"స్వరూప వచ్చిందా అక్కా?"

"పొద్దుగాల వచ్చింది. ల్యాబోళ్లు ఇయ్యాల రమ్మన్నరట, మదీనాగూడ పోతున్న అని చెప్పింది."

"ఉద్యోగం వచ్చిందా?"

"ఇంక పోవుడే గద. సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించుకున్నది. పది సెట్లు."

"ఒక్క ల్యాబ్‌కు పది సెట్లెందుకు?"

"నేను సుత గదే అడిగిన. మిగిలిన తొమ్మిది ల్యాబులకు అన్నది."